ఆన్‌లైన్ సర్వేలు చేస్తే గంటకు ఎంత పడుతుంది? సైడ్ ఇన్‌కమ్ కోసం చూసేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

డబ్బులిచ్చే సర్వేలు నిజంగానే ఉన్నాయి. అయితే మన దేశంలో వాటిని నమ్ముకుని నెల గడవడం అయ్యే పని కాదు. ఫోన్ రీచార్జికో, పిల్లల నోటు పుస్తకాలకో సరిపడా వస్తే బాగా వచ్చినట్టే లెక్క. ఈ మాట మొదట్లోనే చెప్పేస్తున్నాను, ఎందుకంటే "ఇంట్లో కూర్చుని రోజుకు రెండు వేలు" లాంటి ప్రకటనలు చూసి వచ్చేవాళ్లలో గృహిణులు, డిగ్రీ చదివే పిల్లలు, ఉద్యోగం పోయి ఇంట్లో ఉన్నవాళ్లు చాలామంది ఉంటారు. సర్వేల్లో తక్కువ వస్తే వాళ్లకు పోయేది కాస్త సమయమే. ఎక్కువ ఇచ్చేది ఇంకేదైనా ఉందా అని వెతుకుతూ టెలిగ్రామ్ మోసగాళ్ల చేతిలో పడితే మాత్రం దాచుకున్నదంతా పోతుంది. అందుకే సర్వేలు ఎలా చేయాలో ఎంత వివరంగా చెబుతానో, ఎక్కడ ఆగిపోవాలో కూడా అంతే వివరంగా చెబుతాను.

1. ఈ డబ్బు ఎవరి జేబులోంచి వస్తుంది?

ఒక సబ్బుల కంపెనీ కొత్త సబ్బు తేవాలనుకుంది. పేరు నచ్చుతుందా, ధర ఎంత పెట్టాలి, టీవీ ప్రకటన గుర్తుంటుందా అన్నది ముందే తెలుసుకోవాలి. ఆ పనిని కాంటార్, ఇప్సోస్, నీల్సన్‌ఐక్యూ లాంటి మార్కెట్ రిసెర్చ్ సంస్థలకు అప్పగిస్తుంది. జవాబులు చెప్పే మనుషులను ఆ సంస్థలు ప్యానెల్ కంపెనీల దగ్గర తీసుకుంటాయి. టొలూనా, లైఫ్‌పాయింట్స్, ద ప్యానెల్ స్టేషన్, వాల్యూడ్ ఒపీనియన్స్, యుగవ్ ఇలాంటి ప్యానెళ్లే. వైసెన్స్, స్వాగ్‌బక్స్ లాంటివి పలు కంపెనీల సర్వేలను ఒకేచోట చూపించే సైట్లు.

సబ్బుల కంపెనీ పెట్టిన ఖర్చు ఇన్ని చేతులు మారాక, చివర్లో కొంత మీకు వస్తుంది. మీ వాటా చిన్నగా ఉండటానికి కారణం అదే. ఇంకో సంగతి కూడా ఇక్కడే తేలిపోతుంది. ఈ వ్యవహారంలో డబ్బు కంపెనీ నుంచి మీ వైపు మాత్రమే రావాలి. రిజిస్ట్రేషన్ ఫీజు, సెక్యూరిటీ డిపాజిట్, ట్రైనింగ్ కిట్, ప్రీమియం మెంబర్‌షిప్ అంటూ మీ నుంచి ఒక్క రూపాయి అడిగినా అది సర్వే కంపెనీ కాదు.

2. మధ్యలో ఎందుకు గెంటేస్తారో ముందే తెలుసుకోండి

కొత్తగా చేరినవాళ్లు ఎక్కువగా విసిగిపోయేది ఇక్కడే. పది ప్రశ్నలకు జవాబులు ఇచ్చాక "క్షమించండి, ఈ సర్వేకు మీరు సరిపోరు" అని వస్తుంది. డబ్బులుండవు. మహా అయితే ఒకటో రెండో పాయింట్లు పడేస్తారు. దీన్ని స్క్రీన్ అవుట్ అంటారు.

ఎందుకంటే కంపెనీకి ఎవరు పడితే వాళ్లు అక్కర్లేదు. కారు కొనబోయేవాళ్లు ఇంతమంది, 25 నుంచి 34 ఏళ్ల ఆడవాళ్లు ఇంతమంది అని కోటాలు ఉంటాయి. మీ కోటా నిండిపోతే మీ జవాబులు ఎంత బాగున్నా తలుపు మూసేస్తారు. మన దేశంలో ఈ వడపోతకు ఎక్కువగా వాడుతూ వచ్చింది ఎన్‌సీసీఎస్ అనే వర్గీకరణ. 2011లో వచ్చింది. ఇంట్లో ప్రధానంగా సంపాదించే మనిషి చదువు, ఇంట్లో ఉన్న వస్తువుల సంఖ్య, ఈ రెండిటితో కుటుంబాన్ని ఏ1 నుంచి ఈ3 వరకు 12 మెట్లలో ఒకదాని మీద పెడతారు. వస్తువుల జాబితాలో ఉండేవి 11: కరెంటు కనెక్షన్, సీలింగ్ ఫ్యాన్, గ్యాస్ స్టవ్, టూవీలర్, కలర్ టీవీ, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, కంప్యూటర్, కారు, ఏసీ, ఇంకా వ్యవసాయ భూమి. సర్వే మొదట్లో "మీ ఇంట్లో వీటిలో ఏవి ఉన్నాయి?" అని అడిగేది ఇందుకే. ఎక్కువ కొనుగోలు శక్తి ఉన్నవాళ్ల అభిప్రాయానికి కంపెనీలు ఎక్కువ ఖర్చు పెడతాయి కాబట్టి హైదరాబాద్‌లో ఏసీ, కారు ఉన్న ఇంటికి వచ్చినన్ని సర్వేలు, నర్సీపట్నంలోనో నారాయణఖేడ్‌లోనో ఉన్న ఇంటికి రావు. మీ జవాబుల్లో తప్పేమీ లేకపోయినా ఇలాగే జరుగుతుంది. పైగా చాలా సర్వేలు ఇంగ్లీషులోనే ఉంటాయి. ఇంగ్లీషు చదవడానికి సమయం పట్టేవాళ్లకు గంటకు వచ్చేది ఇంకా తగ్గుతుంది.

"మీరు గానీ, మీ ఇంట్లోవాళ్లు గానీ ప్రకటనలు, మీడియా, మార్కెట్ రిసెర్చ్ రంగాల్లో పనిచేస్తున్నారా?" అన్నది ఇంకో మామూలు ప్రశ్న. అవునంటే చాలావాటిలో బయటికి పంపేస్తారు. అలాగని అబద్ధం చెప్పకండి. కారు లేకపోయినా ఉందని ఒకసారి, లేదని ఇంకోసారి చెబితే ప్రొఫైల్‌లో రెండూ పోల్చి చూస్తారు. ఖాతా మూసేసినప్పుడు అప్పటిదాకా కూడబెట్టిన పాయింట్లూ పోతాయి.

3. మొదలుపెట్టే ముందు ఒక గంట కేటాయించండి

సర్వేల కోసమే కొత్త ఈమెయిల్ ఒకటి తెరవండి. బ్యాంకు, ఆధార్, ఉద్యోగాలకు వాడే మెయిల్‌ను దీనికి ఇవ్వకండి. రోజూ వచ్చే సర్వే మెయిళ్ల మధ్య అసలైన మెయిళ్లు కనబడకుండా పోతాయి. పాస్‌వర్డ్ కూడా వేరేది పెట్టుకోవాలి.

తర్వాత మూడు నాలుగు ప్యానెళ్లు ఎంచుకోండి. ఇరవై సైట్లలో చేరితే ఎక్కువ వస్తుందనుకోవడం పొరపాటు. ప్రతి సైట్‌కూ కనీస విత్‌డ్రా మొత్తం ఉంటుంది. ఇరవై చోట్ల కొంచెం కొంచెం పోగైతే ఎక్కడా ఆ గీత దాటదు, ఈలోపు పాయింట్ల గడువు తీరిపోతుంది.

చేరే ముందు ప్రతి సైట్‌లోనూ ఈ నాలుగూ చూడండి:

- కనీసం ఎంత పోగైతే విత్‌డ్రా చేయనిస్తారు, ఆ మొత్తం రూపాయల్లో ఎంత? "5,000 పాయింట్లు" అంటే పెద్దగా వినిపిస్తుంది. దాన్ని రూపాయల్లోకి మార్చి చూడాలి.
- పాయింట్లకు గడువు ఎంత? కొన్నాళ్లు లాగిన్ కాకపోతే ఖాతా మూసేస్తారా?
- డబ్బు ఏ రూపంలో ఇస్తారు? అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ గిఫ్ట్ కార్డా, పేపాలా (విదేశీ డబ్బు అందుకునే ఆన్‌లైన్ ఖాతా)?
- ప్రైవసీ పాలసీ ఉందా, కంపెనీ చిరునామా ఉందా? పేరున్న ప్యానెళ్లు ఎసోమార్ అనే అంతర్జాతీయ సంఘం నియమాలను పాటిస్తామని రాస్తాయి. లోగోను ఎవరైనా కాపీ కొట్టగలరు కాబట్టి ఎసోమార్ సొంత వెబ్‌సైట్‌లో ఆ కంపెనీ పేరు వెతకండి.

అసలు ఇదెలా ఉంటుందో రుచి చూడాలనుకుంటే గూగుల్ ఒపీనియన్ రివార్డ్స్ యాప్‌తో మొదలుపెట్టడం తేలిక. ప్రశ్నలు చాలా తక్కువ, నిమిషంలో అయిపోతాయి. వచ్చే మొత్తం కూడా చిన్నదే. ఆండ్రాయిడ్ ఫోన్‌లో మనకది గూగుల్ ప్లే బ్యాలెన్స్‌గా వస్తుంది, బ్యాంకుకు పంపుకోవడం కుదరదు. ఏడాది లోపు వాడేయాలి. యాప్‌లు, ఈ-పుస్తకాలు కొనేవాళ్లకు అది పనికొస్తుంది. మీరు వెళ్లిన షాపుల గురించే ఎక్కువ అడుగుతారు కాబట్టి లొకేషన్ ఆన్ చేయమంటుంది. అది ఇష్టమో కాదో మీరే తేల్చుకోండి.

4. ప్రొఫైల్ పూర్తిగా, నిజంగా నింపండి

వయసు, పిన్‌కోడ్, చదువు, ఇంట్లో ఎంతమంది, ఏ ఫోన్, ఏ బండి అన్నవి ప్రొఫైల్ ప్రశ్నలు. వీటికి డబ్బులు రాకపోయినా నింపాలి. ప్రొఫైల్ ఎంత పూర్తిగా ఉంటే, మీకు సరిపడని సర్వేలు అంత తక్కువ వస్తాయి.

మరి ఏది ఇవ్వకూడదు? ఆధార్ నంబరు, బ్యాంకు పాస్‌వర్డ్, కార్డు నంబరు, ఓటీపీ, యూపీఐ పిన్. ఏ సర్వేకూ ఇవి అవసరం లేదు. పిల్లల స్కూలు పేరు, ఇంటి పూర్తి చిరునామా అడిగినా ఆ సర్వే వదిలేయండి. ఆదాయం అడిగేటప్పుడు "20 వేల నుంచి 30 వేలు" లాంటి శ్రేణి ఎంచుకోమంటారు, అది మామూలే.

5. సర్వే చేసేటప్పుడు

లింకు రాగానే చేయడం మంచిది. కోటాలు త్వరగా నిండుతాయి కాబట్టి సాయంత్రం చూద్దాంలే అనుకుంటే చాలావాటిలో అప్పటికే తలుపు మూసి ఉంటుంది.

ముందుగా రెండు అంకెలు చూడండి: ఎన్ని నిమిషాలు, ఎన్ని రూపాయలు. మీరు పెట్టుకున్న హద్దు కంటే తక్కువైతే తెరవనే వద్దు. వచ్చిన ప్రతి సర్వే చేయాలన్న ఆత్రంతోనే ఎక్కువ సమయం వృథా అవుతుంది.

మధ్యలో మీరు చదువుతున్నారో లేదో పరీక్షించే ప్రశ్నలు ఉంటాయి. "ఈ వరుసలో 'అస్సలు ఒప్పుకోను' ఎంచుకోండి" అని ఒక్క లైను పెడతారు. లేదా బ్రాండ్ల జాబితాలో అసలు లేని బ్రాండ్ పేరు ఒకటి కలిపి, మీకు తెలుసా అని అడుగుతారు. అన్నిటికీ మధ్య గడినే నొక్కుకుంటూ పోయినా, ఇరవై నిమిషాల సర్వేను నాలుగు నిమిషాల్లో ముగించినా జవాబులు కొట్టేస్తారు. కొన్నిసార్లు పాయింట్లు ముందు ఖాతాలో పడి, రిసెర్చ్ కంపెనీ తనిఖీ అయ్యాక వెనక్కి పోతాయి కూడా. వీపీఎన్ (మీరున్న చోటు తెలియకుండా దాచే యాప్) వాడటం, ఒకే ఇంట్లో నాలుగు ఖాతాలు తెరవడం నిషేధం. ఒక ఇంటికి ఒకే ఖాతా అనే నియమం చాలా ప్యానెళ్లలో ఉంది.

6. గంట లెక్క

అసలు విషయం ఇక్కడుంది. ఒక నోటు పుస్తకం తీసుకుని నెల రోజులు రాయండి: లింకు తెరిచిన సమయం, మూసిన సమయం, పూర్తయిందా లేదా, వచ్చిన రూపాయలు. స్క్రీన్ అవుట్ అయినవీ రాయాలి. చాలామంది వాటిని లెక్కలోకి తీసుకోరు, అందుకే సర్వేలు లాభసాటిగా కనబడతాయి.

ఉదాహరణకు ఒక లెక్క వేద్దాం. ఇరవై నిమిషాల సర్వేకు 50 రూపాయలు ఇస్తున్నారనుకోండి. చూడగానే గంటకు 150 అనిపిస్తుంది. అది దొరకడానికి ముందు మూడు సర్వేల్లో నాలుగు, ఆరు, పది నిమిషాల తర్వాత బయటికి పంపారు. అంటే ఇంకో ఇరవై నిమిషాలు పోయాయి. నలభై నిమిషాలకు 50 రూపాయలు వస్తే గంటకు పడింది 75. వారానికి ఇలాంటివి మూడు పూర్తి చేస్తే 150 రూపాయలు. నెలకు సుమారు 600 రూపాయలు, పట్టిన సమయం ఎనిమిది గంటలు.

2025-26లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. దాంతో పోలిస్తే ఎనిమిది గంటలకు 600 నయమే కదా అనిపించవచ్చు. చిక్కేమిటంటే, ఆ ఎనిమిది గంటలు ఒకే రోజున దొరకవు. మీకు ఖాళీ ఉన్నా సర్వే ఉండదు, సర్వే వచ్చేసరికి మీకు తీరిక ఉండదు. పని గంటలు మీ చేతిలో లేనప్పుడు దాన్ని ఆదాయం అని లెక్కలో రాసుకోలేం. అందుకే అప్పుల వాయిదా, ఇంటి అద్దె లాంటివి కట్టడానికి సర్వేల డబ్బును నమ్ముకోవద్దని గట్టిగా చెబుతున్నాను.

నెల తర్వాత మీ పుస్తకంలో గంటకు ఎంత పడిందో చూడండి. నా అభిప్రాయంలో గంటకు 50 రూపాయలు కూడా పడకపోతే మానేయడమే మంచిది. బస్సు కోసం ఎదురుచూస్తూనో, డాక్టరు దగ్గర టోకెన్ పట్టుకుని కూర్చునో చేసేవైతే అంతకంటే తక్కువైనా నష్టం లేదు, ఆ సమయానికి వేరే ఉపయోగం లేదు కాబట్టి. చదువుకోవాల్సిన గంటలు, నిద్రపోవాల్సిన గంటలు మాత్రం దీనికి పెట్టకండి.

7. డబ్బు తీసుకోవడం

కనీస మొత్తం దాటగానే తీసేసుకోండి. ఇంకొన్ని పోగుచేసి ఒకేసారి తీసుకుందామని ఆగితే, ఖాతా బ్లాక్ అయిన రోజున అన్నీ పోతాయి. మొదటి విత్‌డ్రా చేతికి వచ్చేదాకా ఆ సైట్‌ను ఎవరికీ సిఫారసు చేయకండి.

గిఫ్ట్ కార్డు తేలిక. పేపాల్‌కు పాన్ కార్డు, బ్యాంకు ఖాతా కావాలి. విదేశాల నుంచి వచ్చిన డబ్బు మన దేశంలో పేపాల్ ఖాతాలో నిల్వ ఉండదు, దానంతటదే మీ బ్యాంకుకు వెళుతుంది. డాలర్లను రూపాయల్లోకి మార్చేటప్పుడు కొంత కోత పడుతుంది, దాన్ని కూడా గంట లెక్కలో తీసేయాలి.

పన్ను గురించి క్లుప్తంగా చెప్పాలంటే ఇది కూడా ఆదాయమే. రిటర్న్ వేసేవాళ్లు గిఫ్ట్ కార్డుల విలువతో సహా మొత్తం ఆదాయంలో చూపించాలి.

8. ఇక్కడ మాత్రం ఆగిపోండి

సర్వేలతో ఆశించినంత రాక, "పార్ట్ టైమ్ వర్క్" అని వెతకడం మొదలుపెట్టిన వారం లోపే వాట్సాప్‌లో ఒక మెసేజ్ రావచ్చు. యూట్యూబ్ వీడియోకు లైక్ కొట్టండి, గూగుల్ మ్యాప్స్‌లో హోటల్‌కు రేటింగ్ ఇవ్వండి, ఒక్కోదానికి 50 రూపాయలు అంటారు. మూడు చేస్తే 150 నిజంగానే ఖాతాలో పడతాయి. నమ్మకం కుదిరేది అక్కడే. తర్వాత టెలిగ్రామ్ గ్రూపులో చేరుస్తారు. "ప్రీపెయిడ్ టాస్క్" అని వెయ్యి కట్టమంటారు, 1,300 తిరిగి ఇస్తారు. ఆ తర్వాత ఐదు వేలు, ఇరవై వేలు, యాభై వేలు. తెర మీద మీ పేరున లక్షలు కనబడుతుంటాయి. తీసుకోబోతే ట్యాక్స్ కట్టాలి, టాస్క్ తప్పు చేశారు, క్రెడిట్ స్కోరు సరిచేయాలి అంటూ ఇంకా అడుగుతారు. "నాకు వచ్చేశాయి అక్కా" అని గ్రూపులో స్క్రీన్‌షాట్లు పెట్టేవాళ్లు కూడా వాళ్ల మనుషులే.

2023 డిసెంబరులో కేంద్రం ఇలాంటి 100కు పైగా వెబ్‌సైట్లను బ్లాక్ చేసింది. రిటైరైన ఉద్యోగులు, మహిళలు, నిరుద్యోగ యువత మీదే ఈ ముఠాలు గురిపెడతాయని, విదేశాల నుంచి నడుస్తున్నాయని అప్పట్లో హోంశాఖ చెప్పింది. అంటే సర్వేల కోసం వెతికేవాళ్లూ, వీళ్లు వెతికేవాళ్లూ ఒకరే.

ఇంకో రకం ఉంది, మన ఊళ్లలో దీని బాధితులు భయంతో నోరు విప్పరు. ఫారం ఫిల్లింగ్, సర్వే డేటా ఎంట్రీ పని ఇస్తామంటారు. అగ్రిమెంట్ మీద ఆన్‌లైన్‌లో సంతకం పెట్టిస్తారు. వారం రోజులు రాత్రింబవళ్లు టైప్ చేశాక "మీ పనిలో తప్పులున్నాయి, ఒప్పందం ఉల్లంఘించారు" అని చెప్పి, లాయరునంటూ ఒకడు ఫోన్ చేస్తాడు. కోర్టు నోటీసు వస్తుంది, ఐదారు వేలు కడితే కేసు మూసేస్తామంటాడు. కట్టకండి. అతను వాట్సాప్‌లో పంపే కాగితం కోర్టు సమన్లు కాదు. ఇంట్లోవాళ్లకు చెప్పండి, నంబరు బ్లాక్ చేయకముందే మెసేజ్‌లన్నీ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి.

"మీ బ్యాంకు ఖాతా వాడుకుంటాం, కమీషన్ ఇస్తాం" అన్నా ఒప్పుకోకూడదు. మోసపోయినవాళ్ల డబ్బు మీ ఖాతా గుండా పోతే ఖాతా ఫ్రీజ్ అవుతుంది, పోలీసు కేసులో మీ పేరు ఉంటుంది. డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టమని, ఏపీకే ఫైలు (ప్లే స్టోర్‌తో పని లేకుండా నేరుగా పంపే యాప్) ఇన్‌స్టాల్ చేయమని అడిగినా సరే, అక్కడితో ఆపేయండి.

డబ్బు పోతే వెంటనే 1930కు ఫోన్ చేయండి. తొలి గంటల్లో చెబితే డబ్బు ఇంకా దారిలో ఉన్న ఖాతాలోనే నిలిపేసే అవకాశం ఉంటుంది. యూటీఆర్ నంబరు (ఆ లావాదేవీకి బ్యాంకు ఇచ్చే గుర్తింపు నంబరు), తేదీ, సమయం, ఎవరి ఖాతాకు వెళ్లిందో చేతిలో పెట్టుకోండి. సైబర్‌క్రైమ్.గవ్.ఇన్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి, మీ బ్యాంకుకూ చెప్పండి. "పోయిన డబ్బు తిరిగి ఇప్పిస్తాం, కొంత ఫీజు" అని తర్వాత వచ్చే ఫోన్లు రెండో మోసం. మోసపోయినందుకు సిగ్గుపడి రోజులు గడపొద్దు, ఆ ఆలస్యమే వాళ్లకు కావాలి.

9. విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లకు

అమెరికా, బ్రిటన్‌లలో సర్వేలకు ఇచ్చేది మన దగ్గరకంటే ఎక్కువ. యూనివర్సిటీ పరిశోధనలు ఎక్కువగా నడిచే ప్రొలిఫిక్‌లో పరిశోధకులు గంటకు కనీసం 6 పౌండ్లు లేదా 8 డాలర్లు ఇవ్వాలన్న నియమం కూడా ఉంది. కానీ మీ వీసా సంగతి ముందు చూసుకోండి. బ్రిటన్ స్టూడెంట్ వీసా మీద స్వయం ఉపాధి కుదరదు. అమెరికాలో ఎఫ్-1 అనే స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లకు క్యాంపస్ బయటి సంపాదన మీద కఠినమైన నిబంధనలున్నాయి. "సర్వేలే కదా" అని మొదలుపెట్టకుండా యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారిని (అమెరికాలో డీఎస్‌ఓ అంటారు) అడిగి జవాబు మెయిల్‌లో తీసుకోండి. నెలకు యాభై డాలర్ల కోసం చదువును పణంగా పెట్టకూడదు.

10. అదే సమయానికి ఎక్కువ ఇచ్చేవి

ప్యానెల్‌లో ఉన్నప్పుడు ఆన్‌లైన్ ఇంటర్వ్యూలు, గ్రూప్ డిస్కషన్ల పిలుపులు వస్తే వదులుకోకండి. గంట, గంటన్నర మాట్లాడితే చాలు, మామూలు సర్వేకంటే ఎన్నో రెట్లు ఇస్తారు. హైదరాబాద్‌లో రిసెర్చ్ ఏజెన్సీలు మనుషులను పిలిపించి కూడా ఇవి జరుపుతాయి. ఇక్కడ తెలుగులో బాగా మాట్లాడగలగడమే మీ బలం. మీరు చెప్పే కారణాలు వాళ్లకు కావాలి.

భారతీయ భాషల్లో గొంతు రికార్డింగులు చేయించి డబ్బిచ్చే సంస్థలూ ఉన్నాయి. బెంగళూరుకు చెందిన కార్య వాటిలో ఒకటి. స్థానిక స్వచ్ఛంద సంస్థల ద్వారా గ్రామాల్లో పని ఇప్పిస్తుంది. వాడకట్టు పిల్లలకు సాయంత్రం ట్యూషన్ చెప్పడం, తెలుగు టైపింగ్ వస్తే డీటీపీ పని పట్టుకోవడం మొదట్లో నిదానంగా ఉన్నా, ఆరు నెలలకు రేటు పెరుగుతుంది. సర్వేల రేటు ఎన్నేళ్లు చేసినా పెద్దగా పెరగదు.

11. మానేయాలనుకుంటే

యాప్ తీసేసినంత మాత్రాన మీ వివరాలు పోవు. ముందు ఉన్న పాయింట్లు తీసుకోండి. డబ్బు చేతికి వచ్చాక సెట్టింగ్స్‌లో ఖాతా మూసివేత ఎంచుకోండి, అది కనబడకపోతే ప్రైవసీ పాలసీలో ఇచ్చిన మెయిల్‌కు రాయండి: "నా ఖాతా మూసి, నా వ్యక్తిగత వివరాలు తొలగించండి, తొలగించినట్టు తెలియజేయండి." వ్యక్తిగత డేటా తొలగించమని అడిగే హక్కును 2023లో వచ్చిన డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టంలో రాశారు. సర్వేల కోసం తెరిచిన ఆ ఈమెయిల్‌ను మాత్రం ఇంకొన్ని నెలలు ఉంచండి, వాళ్ల జవాబు వచ్చేది అక్కడికే.